పాత ఫోటోల్లో బర్మా – 3వ పాఠం: రంగూన్ వీధి ఫోటోకి కాలం కట్టడం

ముందుగా 2వ పాఠం అభ్యాసానికి జవాబు. 1855లో బ్రిటిష్ అధికారి ఆర్థర్ ఫేర్ నాయకత్వంలో బర్మా రాజు మిండన్ దర్బారుకు వెళ్లిన రాయబార బృందంతో పాటు మద్రాసు సైన్యపు కెప్టెన్ లీనియస్ ట్రైప్ కూడా ఫోటోగ్రాఫరుగా వెళ్లాడు. అతను తీసిన అమరపుర, పగాన్ చిత్రాల్లో మనుషులు ఎందుకు అంత తక్కువగా కనిపిస్తారని అడిగాం. ట్రైప్ వాడింది మైనం పట్టించిన కాగితపు నెగెటివ్. దాని మీద బొమ్మ పడటానికి చాలా సేపు పట్టేది. ఆ లోపు నడిచి వెళ్లిన మనిషి ఆనవాలు కూడా మిగలదు. కాబట్టి వీధి ఖాళీగా కనిపించినంత మాత్రాన ఊరు ఖాళీగా ఉందని చెప్పలేం. రెండో ప్రశ్న మబ్బుల గురించి. ఆ నెగెటివ్‌లలో ఆకాశం అచ్చంగా తెల్లగా వచ్చేది. ట్రైప్ చాలా నెగెటివ్‌ల మీద మబ్బులను చేత్తో దిద్దాడు. అంచేత అతని ఫోటోలో మబ్బులు చూసి వానాకాలమని రాస్తే మార్కులు పోయినట్టే.

ఈసారి పని ఇప్పుడు యాంగోన్ అని పిలిచే రంగూన్‌లో. తేదీ లేని వీధి ఫోటో ఒకటి చేతికి వస్తే, అది ఏ ఏళ్ల మధ్య తీసిందో ఆధారాలతో తేల్చడం నేర్చుకుందాం.

ముందు కాగితం సిద్ధం చేయండి

ఫోటోను చూడకముందే ఒక పట్టిక గీయండి. అందులో ఏడు గడులు చాలు: భద్రపరిచిన సంస్థ, వాళ్లిచ్చిన నంబరు, ఫోటో మీదే ఉన్న రాత, కేటలాగులో ఉన్న రాత, ‘ఇంతకు ముందు కాదు’, ‘ఇంతకు తర్వాత కాదు’, ఆధారం.

మూడో గడినీ నాలుగో గడినీ కలపకండి. ఫోటో మీది రాత ఆ కాలపు స్టూడియోది. ప్రింటు కింద తెల్లని అక్షరాలు కనిపిస్తే, అవి సాధారణంగా నెగెటివ్ మీదే రాసినవి. కేటలాగు రాత తర్వాతెప్పుడో గ్రంథాలయ ఉద్యోగి చేర్చింది. ‘సుమారు 1890’ అనే మాట చాలాసార్లు ఆ రెండో చోటు నుంచే వస్తుంది. అది ఒక అంచనా. దాన్ని మీ పట్టికలో తేదీగా ఎక్కిస్తే, మీ పట్టిక చూసిన మరొకరు ‘సుమారు’ తీసేసి 1890 అని రాసేస్తారు. పాత బర్మా ఫోటోల తప్పుడు తేదీల్లో చాలా భాగం ఈ దారినే పుట్టాయి.

దొరికిన వాటిలో పెద్ద సైజు ఫైలు దించుకోండి. అడ్డంగా 3000 పిక్సెళ్లయినా లేకపోతే దుకాణాల బోర్డుల మీది అక్షరాలు చదవలేరు. బ్రిటన్ జాతీయ అభిలేఖాలయం తన దగ్గరున్న ఫిలిప్ క్లియర్ ఫోటోలను వికీమీడియా కామన్స్‌లో అందరికీ అందుబాటులో పెట్టింది. క్లియర్ జర్మన్. ముందు మౌల్మేన్‌లో, తర్వాత రంగూన్‌లో స్టూడియో నడిపి 1911లో చనిపోయాడు. మాండలేలో స్టూడియో పెట్టిన ఫెలీచే బియాటో చిత్రాల కోసం గెట్టీ మ్యూజియం సంగ్రహం చూడండి. సాధనకు ఈ రెండు చోట్లూ చాలు.

కట్టడాలే గడియారాలు

1852 యుద్ధంలో రంగూన్‌ను ఆక్రమించాక ఇంగ్లీషువాళ్లు ఊరి నడిబొడ్డును చదరంగపు గళ్లలా గీశారు. ఆ వీధులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, పేర్లు మాత్రం మారాయి. డల్హౌసీ వీధి ఇప్పుడు మహాబందూల రోడ్డు. ఫ్రేజర్ వీధి అనవ్రత రోడ్డయింది. ఫేర్ వీధి పన్సొడాన్, స్పార్క్స్ వీధి బో ఆంగ్ చో వీధి, మొగల్ వీధి ష్వేబోంతా వీధి అయ్యాయి. ఫైచ్ స్క్వేర్‌ను ఇప్పుడు మహాబందూల పార్కు అంటారు. స్ట్రాండ్ రోడ్డు, సూలే పగోడా రోడ్డు పాత పేర్లతోనే మిగిలాయి. ఫోటో కింద పాత పేరుంటే ముందు కొత్త పేరు పట్టుకుని ఇవాళ్టి మ్యాపులో ఆ చోటు గుర్తు పెట్టుకోండి.

తర్వాత కట్టడాలు చూడండి. స్ట్రాండ్ హోటల్ 1901లో తెరిచారు. ఎర్ర ఇటుకల గడియారపు గోపురంతో ఫైచ్ స్క్వేర్ తూర్పున నిలబడిన హైకోర్టు భవనం 1905లో మొదలై 1911లో పూర్తయింది. పగోడా శిఖరాల వంటి కప్పులున్న సిటీ హాలు పని 1926లో మొదలైంది, పూర్తయ్యేసరికి 1930ల మధ్యకు వచ్చింది. పార్కు మధ్యలో సూదిలా లేచిన స్వాతంత్ర్య స్తంభం కనిపిస్తే ఫోటో 1948 జనవరి 4 తర్వాతిదే. రోడ్డు మీద కరెంటు ట్రాము, పైన దాని తీగ ఉంటే 1906 కన్నా ముందుది కాదు. పట్టాలు మాత్రమే కనిపిస్తే ఆ మాట అనకండి, అంతకు ముందు 1884 నుంచే ఆవిరి ట్రాములు తిరిగాయి.

ఇక్కడ కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. హైకోర్టు గోపురం కనిపించలేదు కాబట్టి 1911కి ముందుదని రాసేస్తారు. కెమెరా అటు తిరిగి ఉండాలి, మధ్యలో చెట్టు గానీ మేడ గానీ అడ్డు ఉండకూడదు. ఈ రెండూ మ్యాపు మీద రుజువయ్యాకే ‘లేదు’ అన్న మాట ఆధారమవుతుంది. ‘ఉంది’ అనడానికి కన్ను చాలు. ‘లేదు’ అనడానికి కెమెరా నిలబెట్టిన చోటు తెలియాలి.

ఆ చోటు పట్టుకోవడానికి నీడలు సాయపడతాయి. రంగూన్ 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు ఊరికి కాస్త ఉత్తరాన ఉంటాడు, మిగతా కాలమంతా దక్షిణాన. మంచి వెలుగులో తీసిన ఫోటోలు ఎక్కువగా వానలు వెళ్లాక, నవంబరు–ఫిబ్రవరి మధ్యవి. కాబట్టి మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి పడిందన్న లెక్కతో మొదలుపెట్టండి. డిసెంబరు చివర కూడా మధ్యాహ్నం మనిషి నీడ అతని ఎత్తులో 85 శాతమే ఉంటుంది. చదునైన నేల మీద నీడ మనిషి కన్నా పొడుగ్గా ఉందంటే అది ఉదయమో సాయంత్రమో. అప్పుడు నీడ ఉదయం పడమటి వైపుకు, సాయంత్రం తూర్పు వైపుకు వాలుతుంది. ఇది తేలితే వీధి ఏ దిక్కుకు పోతోందో తెలుస్తుంది.

నీడ లెక్క మ్యాపుతో కుదరకపోతే ఫోటో తిరగబడి అచ్చయిందేమో చూడండి. గాజు నెగెటివ్‌ను వెనక్కి పెట్టి ముద్రిస్తే కుడి ఎడమలు మారతాయి. బోర్డుల మీది అక్షరాలు దీన్ని పట్టిస్తాయి. అక్షరాలు లేకపోతే బండ్లు చూడండి. బర్మాలో 1970 డిసెంబరు దాకా బండ్లు ఎడమ పక్కనే నడిచాయి.

రంగులు మోసం చేస్తాయి

19వ శతాబ్దపు గాజు ప్లేట్లు నీలం రంగును బాగా పట్టుకునేవి, పసుపు ఎరుపులను దాదాపు పట్టుకునేవి కావు. నీలాకాశం తెల్లగా, బంగారు పూత నల్లగా వచ్చేది అందుకే. ష్వేడగోన్ పగోడా ఫోటోలో మసిబారినట్టు ఉంటే, పూత పోయిందని అనుకోవద్దు. భిక్షువుల కాషాయం కూడా నల్లటి వస్త్రంలా కనిపిస్తుంది. రంగులద్దిన పోస్టుకార్డుల మాట చెప్పనే అక్కర్లేదు. వాటికి రంగు వేసినవాళ్లలో చాలామంది బర్మా ముఖం చూడనివాళ్లు. లుంగీ రంగు, గొడుగు రంగు వాళ్ల ఊహే.

పోస్టుకార్డు దొరికితే వెనక్కి తిప్పండి, ముందు కన్నా వెనకే ఎక్కువ చెబుతుంది. ఇండియా స్టాంపు మీద ‘బర్మా’ అని అదనంగా అచ్చు వేసి ఉంటే అది 1937 ఏప్రిల్ 1 తర్వాతిది. బర్మాను ఇండియా నుంచి విడదీసిన రోజు అదే. పాత స్టాంపు మీద నెమలి ముద్ర ఉంటే 1942 నాటి జపాను ఆక్రమణ కాలానిది. అయితే స్టాంపూ తపాలా ముద్రా చెప్పేది కార్డు పంపిన రోజు గురించే. నెగెటివ్ స్టూడియోలో పదేళ్లు పడి ఉండి ఆ తర్వాత అచ్చుకు పోవచ్చు. ఒక స్టూడియో తీసిన బొమ్మను మరొకరు తమ పేరుతో వేసిన కార్డులూ ఉన్నాయి. తపాలా ముద్ర ‘ఇంతకు తర్వాత కాదు’ గడిలోకే వెళ్లాలి, ‘ఇంతకు ముందు కాదు’ గడిలోకి ఎప్పుడూ వెళ్లకూడదు.

ఒక నమూనా చేద్దాం. కార్డు మీద సూలే పగోడా రోడ్డు, తీగ కింద ట్రాము, వెనక ఐదో జార్జి స్టాంపు, 1912 తపాలా ముద్ర. పట్టికలో 1906కి ముందు కాదు, 1912కి తర్వాత కాదు. ఐదో జార్జి స్టాంపులు ఇండియాలో 1911 చివర వచ్చాయి కదా, ఫోటో కూడా అప్పటిదేనా? కాదు. స్టాంపు కార్డుకు అంటించింది, ఫోటోకి కాదు. ఆరేళ్ల వ్యవధి తేలింది, అంతకు మించి ఇరికించకండి.

‘కూలీలు’ అని రాసి వదిలేసిన చోట

రంగూన్ రేవు ఫోటోల్లో బియ్యం మూటలు మోసేవాళ్లు, రిక్షాలు లాగేవాళ్లు ఎంతమందో. కింద ‘కూలీలు’ అనో ‘మద్రాసీలు’ అనో ఉంటుంది, పేర్లుండవు. వాళ్లలో చాలామంది తెలుగువాళ్లు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ, గోపాల్‌పూర్ రేవుల నుంచి స్టీమర్లెక్కి వెళ్లినవాళ్లు. ఈ మనుషుల కోసమే ఇంత శ్రమ పడాలని మా నమ్మకం. అలాగని పంచె కట్టు చూసి తెలుగువాడని తేల్చకండి. తమిళులు, ఒడియావాళ్లు, బీహారీలు అదే రేవులో పక్కపక్కనే పనిచేశారు. ఫోటో ఇక్కడ ఆగిపోతుంది, రికార్డు అందుకోవాలి.

ఇంగ్లీషు రికార్డుల్లో తెలుగు కూలీలకు కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరే పెట్టారు. ఆ పేరును సి తోనూ కె తోనూ మొదలుపెట్టి, చివర ఐ తో, డబుల్ ఇ తో, మధ్యలో హెచ్ ఉంచి, తీసి, అన్ని రకాలుగా వెతకండి. ఒకే స్పెల్లింగుతో వెతికి ఏమీ లేదనుకునేవాళ్లు చాలామంది. ‘తెలుగు’కు పాత స్పెల్లింగులు, తెలుగుకు ఇంగ్లీషువాళ్లు వాడిన ‘జెంటూ’ అనే పాత మాట కూడా కలపండి.

తర్వాత 1931 జనాభా లెక్కల బర్మా సంపుటం తెరవండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ ఉంటుంది. అప్పటి రంగూన్ జనాభా 4,00,415. అందులో భారతీయులు 2,12,929, అంటే సగానికి పైనే. భాషల పట్టిక, పుట్టిన చోటు పట్టిక రెండూ చూడండి, వాటి అంకెలు కలవవు. రంగూన్‌లోనే పుట్టిన తెలుగు బిడ్డ భాషల పట్టికలో తెలుగు, పుట్టిన చోటు పట్టికలో బర్మా. వలస ఎంతో తెలియాలంటే పుట్టిన చోటు, సమాజం ఎంతో తెలియాలంటే భాష. జిల్లాల పేర్లు చూసేటప్పుడు అప్పటి హద్దులు గుర్తుంచుకోండి: 1931లో గంజాం ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది, శ్రీకాకుళం జిల్లా 1950 దాకా లేదు. 1941 లెక్కల వివరాలు యుద్ధంలో చాలావరకు నాశనమయ్యాయి. అందుకే 1931 సంపుటం అంత విలువైంది.

‘1930 అల్లర్లు’ అని రాసిన ఫోటో కనిపిస్తే మరింత జాగ్రత్త. ఆ ఏడు మే 5న దగ్గరి ఊరు పెగూలో (ఇప్పటి బాగో) వచ్చిన భూకంపం రంగూన్‌నూ కుదిపింది. మే 26న రేవులో తెలుగు కూలీల సమ్మె దరిమిలా వాళ్ల మీద దాడులు మొదలయ్యాయి. మూడు వారాల తేడాతో ఒకే ఊళ్లో కూలిన గోడలు, విరిగిన తలుపులు. ఏది భూకంపం పని, ఏది అల్లరి మూకల పని అన్నది ఫోటో చూసి చెప్పలేం. అప్పటి పత్రికలతో పోల్చాలి. ఇంగ్లీషులో రంగూన్ గెజెట్, తెలుగులో ఆంధ్రపత్రిక. పాత తెలుగు పత్రికల సంచికలను ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ తన ఆర్కైవ్స్ కోసం స్కాన్ చేసింది.

ప్రభుత్వ ఫైళ్ల దగ్గర 1937 ఏప్రిల్ 1 అనే గీత మరచిపోకండి. దానికి ముందు బర్మా ఇండియాలో ఒక రాష్ట్రం, కాబట్టి కేంద్రానికి చేరిన ఫైళ్లు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాలయంలో ఉంటాయి. అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఖాతా తెరిస్తే ఇంటి నుంచే వెతకొచ్చు. ఆ తర్వాత లండన్‌తో నడిచిన వ్యవహారం బర్మా ఆఫీసు రికార్డుల్లోకి వెళ్లింది. అవి బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో ‘ఎం’ అక్షరం కింద ఉన్నాయి.

ఒక హెచ్చరిక కూడా ఈ పాఠంలోనే చెప్పాలి. వెతుకుతుంటే విలోబీ వాలెస్ హూపర్ ఫోటోలు ఎదురవుతాయి. 1876–78 మద్రాసు కరువులో ఎముకల గూళ్లయిన మనుషులను వరసగా కూర్చోబెట్టి తీసినవాడు అతనే. 1886లో మాండలేలో బర్మీయులను కాల్చి చంపుతుంటే ఆ క్షణానికి సరిగ్గా ప్లేటు తెరిచినవాడూ అతనే. అప్పట్లోనే బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్నలు లేచి విచారణ జరిగింది. అలాంటి ఫోటోను పట్టికలో ఎక్కించండి, అధ్యయనం చేయండి. కానీ వివరం లేకుండా, ఉత్త బొమ్మగా ఎవరికీ పంపకండి.

ఈసారి అభ్యాసం

క్లియర్ సంగ్రహం నుంచి రంగూన్ వీధి ఫోటోలు రెండు ఎంచుకోండి, ఒకటి స్ట్రాండ్ రోడ్డుదై ఉండాలి. ఏడు గడులూ నింపండి. ‘ఆధారం’ గడిలో ప్రతి ఏడాదికీ ఒక కారణం రాయండి. నీడ పొడుగు, దిక్కు కొలిచి కెమెరా నిలిచిన మూలను ఇవాళ్టి మ్యాపు మీద చుక్కతో గుర్తించండి. తేలని గడిని ఖాళీగా వదిలేయండి. 4వ పాఠంలో ఓడరేవుల వైపు నుంచి వస్తాం: కాకినాడ, విశాఖల నుంచి ఓడెక్కినవాళ్ల లెక్కలు మద్రాసు ప్రభుత్వ వార్షిక నివేదికల్లో ఏ శీర్షికల కింద దాగి ఉంటాయో చూద్దాం.