పారిస్ ఒప్పందంపై ఊళ్లో చర్చ పెట్టాలంటే

భూమి వేడెక్కడాన్ని అదుపు చేయడానికి 2015లో దేశాలన్నీ కుదుర్చుకున్నదే పారిస్ ఒప్పందం. దానిపై చర్చకు హాలు, రెండు మైకులు, ఒక గంట సమయం ఉంటే చాలు. ఎండాకాలమైతే సాయంత్రం 5:30 దాటాకే. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఒక్కొక్కరికి 5 నిమిషాలు, ఎదురు జవాబుకు 2. ముఖ్య అతిథిని పిలవొద్దు. శాలువాలకే ముప్పావుగంట పోతుంది.

చర్చ చెడేదంతా తీర్మానం రాసే దగ్గరే. ‘వాతావరణాన్ని కాపాడుకోవాలా?’ అంటే వద్దనేదెవరు? అందరూ మొక్కలు నాటే ముచ్చటే చెప్పి దిగిపోతారు. కాదనడానికి వీలుండాలి: ‘పారిస్ ఒప్పందం నుంచి భారత్ తప్పుకోవాలి’. ఒక్క క్రియ, ఒక్క ఒప్పందం. అంతకుముందటి వాతావరణ ఒప్పందమైన క్యోటోను కూడా తెచ్చి ‘క్యోటో, పారిస్ వగైరా’ అని కలిపారా, ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తెలియదు.

తీర్మానం కింద మూడు సంగతులు అచ్చువేసి ఇరుపక్షాలకూ వారం ముందే ఇవ్వాలి. ఒకటి, మన లక్ష్యాలు మనమే రాసుకున్నవి. తప్పితే జరిమానా లేదు. రెండు, తప్పుకుంటామని నోటీసిచ్చినా అమలుకు కనీసం ఏడాది పడుతుంది. అమెరికా 2020 నవంబరులో బయటికెళ్లి, 2021 ఫిబ్రవరిలో తిరిగొచ్చింది కూడా.

మూడోదాని దగ్గర బోల్తా పడనివారు తక్కువ. 2030కి 45 శాతం తగ్గిస్తామన్నది మొత్తం ఉద్గారాలను (గాల్లోకి వదిలే వేడి పెంచే వాయువులను) కాదు, 2005తో పోల్చి జీడీపీలో రూపాయికి ఎంత వెలువడుతోందో దాన్ని. లెక్క బోర్డు మీద వేసి చూపించండి: 100 రూపాయల ఆదాయానికి 100 కిలోల ఉద్గారాలు వచ్చేచోట 55కు దిగింది. ఆదాయం మూడింతలైతే మొత్తం 165 కిలోలు. మాట నిలబెట్టుకున్నాం, పొగా పెరిగింది. ఈ ఒక్క లెక్క ఇరుపక్షాలకూ పనికొస్తుంది.

నల్లగొండలో పెడితే మాట దామరచర్లకు పోకుండా ఉండదు. 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటు బొగ్గుది కదా. ఆ మాటను ఆపొద్దు. కానీ ‘పారిస్ వల్ల దాన్ని మూయాలట’ అన్నవాళ్లను మాత్రం అక్కడే సరిదిద్దాలి. మనం ఒప్పుకున్న 50 శాతం దేశం మొత్తం స్థాపిత సామర్థ్యంలో (ప్లాంట్లన్నీ కలిసి తీయగలిగే కరెంటులో) బొగ్గు, గ్యాస్ వంటివి కాని వనరుల వాటా; ఏ ఒక్క ప్లాంటు పేరూ అందులో లేదు. ఆ వాటా 2025లోనే అందుకున్నామని కేంద్రం ప్రకటించింది. అయినా కరెంటు ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తోంది. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు.

ఓటు చేతులెత్తించి తీసుకోవద్దు, పక్కవాళ్లను చూసి ఎత్తుతారు. రెండు రంగుల చీటీలు పెట్టి, చర్చకు ముందొకసారి, తర్వాతొకసారి లెక్కపెట్టాలి. ఎక్కువ చీటీలొచ్చినవాళ్లు కాదు, ఎక్కువమంది మనసు మార్చినవాళ్లే గెలిచినట్టు.