కోచింగ్ సెంటర్‌కి అసలు మెయిల్ ఎందుకివ్వాలి?

నేను గుంటూరులో నెట్ సెంటర్ నడుపుతాను. ఈఏపీసెట్ దరఖాస్తులు, రైల్వే పరీక్షల ఫారాలు రోజూ నా చేతి మీదుగానే వెళ్తాయి. పిల్లల ఇన్‌బాక్స్ తెరిస్తే కోచింగ్ సెంటర్లు, లోన్ యాప్‌లు, కన్సల్టెన్సీల మెయిల్స్ కింద అసలు కావాల్సిన మెయిల్ ఎక్కడో కూరుకుపోయి ఉంటుంది. అందుకే వచ్చినవాళ్లందరికీ ఏలియస్ పెట్టుకోవడం నేర్పిస్తున్నాను.

ఏలియస్ అంటే మీ మెయిల్‌కి పెట్టుకునే ముసుగు పేరు. దానికి వచ్చిన మెయిల్ మీ ఇన్‌బాక్స్‌కే చేరుతుంది కానీ, పంపినవాళ్లకి అసలు అడ్రస్ తెలియదు. గోల ఎక్కువైతే ఆ ఒక్క పేరునీ ఆపేయొచ్చు.

జీమెయిల్‌లో పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఇంకో మాట చేర్చే పద్ధతి చాలామందికి తెలుసు. మెయిల్స్ విడదీసుకోవడానికి అది బాగుంటుంది. అడ్రస్ దాచడానికి మాత్రం పనికిరాదు, ప్లస్ తర్వాతది చెరిపేస్తే అసలు పేరు బయటపడుతుంది.

నేను ముందు చూపించేది ఫైర్‌ఫాక్స్ రిలే, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా వాళ్ల ఏలియస్ సర్వీసు. మొజిల్లా ఖాతాతో లాగిన్ అయి కొత్త మాస్క్ (ఏలియస్‌ని వీళ్లు పిలిచే పేరు) కావాలని నొక్కితే, మోజ్‌మెయిల్ డాట్ కామ్‌తో ముగిసే అడ్రస్ ఒకటి వస్తుంది. ఉచితంగా 5 ఇస్తారు. అడ్రస్ అర్థంలేని అక్షరాలతో ఉంటుంది కాబట్టి, పక్కన ఉన్న లేబుల్‌లో ‘డెమో క్లాస్’ అనో ‘ప్లాట్ల బ్రోచర్’ అనో వెంటనే రాసుకోండి. ఈ పని అస్సలు వదలొద్దు. డెమో క్లాస్‌కిచ్చిన అడ్రస్‌కి రేపు లోన్ మెయిల్ వచ్చిందంటే, మీ వివరాలు ఎక్కడి నుంచి బయటికి పోయాయో తేలిపోతుంది. అప్పుడు ఆ మాస్క్‌ని డిలీట్ చేయకుండా బ్లాక్ చేయండి. డిలీట్ చేస్తే మళ్లీ తిరిగి రాదు.

ఉచిత రిలే నుంచి జవాబు రాయలేం. ఆ అవసరం ఉంటే సింపుల్‌లాగిన్ తీసుకోండి. 2022లో ప్రోటాన్ మెయిల్ నడిపే ప్రోటాన్ కంపెనీ కొనుక్కున్న ఏలియస్ సర్వీసు ఇది, ఉచితంగా 10 ఏలియస్‌లు ఇస్తుంది. ఐఫోన్ ఉన్నవాళ్లు యాప్‌లో ‘సైన్ ఇన్ విత్ యాపిల్’ కనిపిస్తే, మెయిల్ దాచమనే ఎంపిక నొక్కితే సరిపోతుంది.

పది నిమిషాల్లో మాయమయ్యే మెయిల్ సైట్ల జోలికి మాత్రం ఆలోచించి వెళ్లండి. వాటిలో కొన్నిటిలో ఆ ఇన్‌బాక్స్ పేరు తెలిసిన ఎవరైనా తెరిచి చదవొచ్చు. ఓటీపీ వచ్చే పని అక్కడ పెట్టుకోకూడదు.

బ్యాంకు, పీఎఫ్, ఆధార్, డిజీలాకర్, పరీక్షల దరఖాస్తులు, వీటికి అసలు మెయిలే ఇవ్వండి. ఏలియస్ ఇచ్చిన ఖాతా ఏదైనా తర్వాత ముఖ్యమైపోతే, ముందు ఆ ఖాతాలోకి వెళ్లి మెయిల్ మార్చండి, ఆ తర్వాతే ఏలియస్ ఆపండి. లేకపోతే పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు రీసెట్ లింక్ మీదాకా రాదు.