లోరా బోర్డు కొన్నారా? ఆన్ చేసే ముందు ఇది చూసుకోండి

లోరా అంటే తక్కువ కరెంటుతో చిన్న చిన్న మెసేజ్‌లని చాలా దూరం పంపే రేడియో పద్ధతి. దీనికి లైసెన్స్ అక్కర్లేదన్నారని ఏ ఫ్రీక్వెన్సీలో పడితే ఆ ఫ్రీక్వెన్సీలో పంపకూడదు. మన దేశంలో లోరాకి పనికొచ్చే ఫ్రీ బ్యాండ్ 865 నుంచి 868 మెగాహెర్ట్జ్. 2005లో ఇచ్చినప్పుడు 867 దాకానే ఉండేది, 2021లో ఇంకో మెగాహెర్ట్జ్ కలిపారు. ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్, యాంటెన్నా గెయిన్ కలుపుకుని ఈఆర్‌పీ, అంటే బయటికి వెళ్లే అసలు పవర్, 4 వాట్లు, సిగ్నల్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్: ఈ మూడూ దాటకూడదు.

కొనేటప్పుడే బోర్డు మీద అంకె చూడండి. 868 అని ఉన్నది తీసుకోండి. 915 చవగ్గా దొరికిందని తెచ్చుకుని అక్కడే పంపారో, మొబైల్ ఫోన్లు టవర్‌తో మాట్లాడే బ్యాండ్ అంచులో కూర్చున్నట్టే. 433 బోర్డులూ దొరుకుతాయి, కానీ ఆ బ్యాండ్‌లో మనకి అనుమతి 10 మిల్లీవాట్లే, అదీ ఇంటి లోపల వాడకానికి. బోర్డుకి ఈటీఏ, అంటే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్, ఉందో లేదో అమ్మేవాణ్ణి అడగండి.

యాంటెన్నా బిగించాకే కరెంటు ఇవ్వండి. నేను తొందరపడి ఒక బోర్డు పాడుచేసుకున్నాను, ఆ రోజు ఇంట్లో బాగా నవ్వారు. 866 దగ్గర క్వార్టర్ వేవ్ తీగ, అంటే తరంగం పొడవులో నాలుగో వంతు ఉండే యాంటెన్నా, ఎనిమిదిన్నర సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూ వస్తుంది. మీ దగ్గరున్న ఉత్త తీగ 17 సెంటీమీటర్లు ఉంటే అది 433 బోర్డుకి కోసింది.

ఇక సెట్టింగ్స్. మెష్‌టాస్టిక్ (లోరా బోర్డుల మధ్య ఇంటర్నెట్ లేకుండా మెసేజ్‌లు నడిపే సాఫ్ట్‌వేర్) అయితే రీజియన్ ఇండియా పెట్టాలి, అది చాలామంది పెడతారు. మర్చిపోయేది వెడల్పు. డీఫాల్ట్‌గా వచ్చే లాంగ్‌ఫాస్ట్ అనే సెట్టింగ్ 250 కిలోహెర్ట్జ్ తీసుకుంటుంది, మన హద్దు 200. నేనైతే 125 వాడే లాంగ్ మోడరేట్ పెడతాను, కాకపోతే మీ ఊళ్లో మిగతావాళ్లూ అదే పెట్టాలి, లేదంటే ఒకరి మాట ఇంకొకరికి వినపడదు, అందుకే ముందు నలుగురూ మాట్లాడుకోండి. పవర్ విషయంలో టెన్షన్ వద్దు, ఎస్‌ఎక్స్1262 అనే లోరా చిప్ గట్టిగా పంపినా 160 మిల్లీవాట్లే. యాంప్లిఫయర్ మీద డబ్బు తగలేయడం కన్నా యాంటెన్నాని కిటికీ దగ్గర్నుంచి డాబా మీద నీళ్ల ట్యాంకు ఎత్తుకి చేర్చండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇంకో షరతు ఉంది, ఇది అందరికీ నచ్చదు: వేరేవాళ్ల సిగ్నల్ మీకు అడ్డొస్తే రక్షణ అడిగే హక్కు లేదు, మీది లైసెన్స్ ఉన్నవాళ్లకి అడ్డమైతే మాత్రం మీరే ఆపేయాలి.

చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ పెట్టి వీధికి పాటలు వినిపిస్తానంటే మాత్రం కుదరదు, 88-108లో ఆ పనికి మినహాయింపు లేదు. బిహార్‌లో మన్సూర్‌పూర్ అనే పల్లెలో చిల్లర సామాన్లతో నడిపిన స్టేషన్‌ని 2006లో మూయించేశారు. గొంతుతో మాట్లాడాలనుంటే 446.0-446.2లో అర వాట్ వాకీటాకీ ఉంది, దాని యాంటెన్నా మాత్రం విప్పి మార్చకూడదు. అది చాలకపోతే హామ్, అంటే అమెచ్యూర్ రేడియో లైసెన్స్, పరీక్ష రాయండి. పన్నెండేళ్లు నిండితే చాలు, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కూడా అడగరు.