టాలీలో లెక్క తేడా కొడుతోందా? ఎంట్రీలు వదిలెయ్యండి, ముందు లెడ్జర్ ఏ గ్రూపులో ఉందో చూడండి

నేనుండేది ఒడిశాలో బరంపురం, మన తెలుగోళ్ళ కొట్లకి టాలీ (కంప్యూటర్లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) లెక్కలు చూస్తుంటాను, మార్చి వచ్చిందంటే ఇటు ఇచ్ఛాపురం నుంచి అటు పర్లాకిమిడి నుంచి ఫోన్లే ఫోన్లు. అందరిదీ ఒకటే మాట, ఎంట్రీలన్నీ కరెక్టే మాస్టారూ, రిపోర్టే తేడాగా వస్తోందని. నిజమే, ఎంట్రీలు కరెక్టే ఉంటాయి. తప్పు మొదటిరోజే జరిగిపోయుంటుంది, లెడ్జర్లు, అంటే పద్దులు, తెరిచేటప్పుడు అది ఏ గ్రూపు కిందకి పోవాలో అడిగే 'అండర్' అనే గడిలో ఏది కనపడితే దానిమీద ఎంటర్ కొట్టేసి ఉంటారు. టాలీ ముందే 28 గ్రూపులు ఇస్తుంది, లెడ్జర్లు మాత్రం క్యాషు, ప్రాఫిట్ అండ్ లాస్ రెండే, మిగతావన్నీ మనం తెరుచుకోవాల్సిందే. పాత గుమాస్తాలు చిట్టాలోంచి ఆవర్జాకి ఎక్కించిన ప్రతిసారీ ఈ పద్దు ఎక్కడికి పోవాలా అని ఆలోచించేవారు, ఇప్పుడు ఆ ఆలోచన ఒక్కసారే, అందుకే ఆ ఒక్కసారి తప్పితే ఏడాదంతా తప్పే.

శ్రీకాకుళం వైపు నుంచి సరుకు తెస్తే ఐజీఎస్టీ లెక్క రావట్లేదు

ఇది మన బోర్డర్ జబ్బు. కొనుగోలు బిల్లులో ఐజీఎస్టీ (రాష్ట్రం దాటి వచ్చే సరుకు మీద పన్ను) లెడ్జర్ పెడితే అమౌంటు ఖాళీగా ఉంటుంది, సీజీఎస్టీ ఎస్జీఎస్టీ (ఒకే రాష్ట్రంలో కొంటే పడే రెండు పన్నులు) పెడితే చక్కగా వచ్చేస్తుంది, దాంతో కుర్రాడు అవే పెట్టేసి సేవ్ చేసేస్తాడు. కారణం ఏంటంటే పార్టీ లెడ్జర్లో రాష్ట్రం ఒడిశా అని ఉండిపోవడం. కంపెనీది ఒడిశా కాబట్టి పార్టీకి కూడా అదే పడిపోతుంది, ఎవరూ చూడరు. జీఎస్టీ నంబర్లో మొదటి రెండంకెలు చూడండి, ఒడిశాకి 21, ఆంధ్రాకి 37, తెలంగాణకి 36, ఛత్తీస్‌గఢ్‌కి 22. నంబరు 37తో మొదలై రాష్ట్రం ఒడిశా అని ఉందంటే దొంగ దొరికినట్టే. చార్ట్ ఆఫ్ అకౌంట్స్ (అన్ని లెడ్జర్ల జాబితా)లోకి పోయి పార్టీ లెడ్జర్లో రాష్ట్రం మార్చండి, కానీ అక్కడితో అయిపోదు, పాత బిల్లుల్లో పాత రాష్ట్రమే కూర్చుని ఉంటుంది, ఒక్కొక్కటీ తెరిచి పార్టీ వివరాల్లో సరిచేసి, పన్ను లెడ్జర్ మార్చి మళ్ళీ సేవ్ చెయ్యాలి. విసుగే, తప్పదు.

రెండు పక్కలా కొట్లున్నవాళ్ళు రెండు రిజిస్ట్రేషన్లకి రెండు కంపెనీలు తెరుస్తుంటారు. టాలీప్రైమ్ 3.0 నుంచి ఒకే కంపెనీలో రెండు జీఎస్టీ నంబర్లూ పెట్టుకోవచ్చు. అన్నట్టు కాంపొజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టేసే పద్ధతి) ఉన్న బరంపురం కొట్టువాళ్ళు ఆంధ్రాలో ఉన్న ఇచ్ఛాపురానికి సరుకు అమ్మకూడదు, రాష్ట్రం దాటి అమ్మకం ఆ స్కీములో కుదరదు, కొనుక్కోడం వరకు పరవాలేదు.

వ్యాపారం బానే ఉంది, లాభం మాత్రం తక్కువ చూపిస్తోంది

కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ లెడ్జర్ ఇన్‌డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్ కింద ఉందేమో చూడండి. మనకి తిరిగి సర్దుబాటయ్యే పన్ను ఖర్చు కిందకి పోతే లాభం ఎలాగ కనపడుతుంది? దాన్ని డ్యూటీస్ అండ్ టాక్సెస్ కిందకి మార్చి, డ్యూటీ రకం జీఎస్టీ అనీ, ఏ పన్నో అనీ విడిగా చెప్పండి. ఐజీఎస్టీ, సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ మూడూ వేరే లెడ్జర్లుగా ఉండాలి, ఎందుకంటే సీజీఎస్టీ క్రెడిట్‌తో (కొన్నప్పుడు కట్టి, సర్దుబాటుకి మిగిలిన పన్ను) ఎస్జీఎస్టీ కట్టనివ్వరు, అన్నీ కలిపి 'జీఎస్టీ' అని ఒక్కటే తెరిస్తే రిటర్ను రోజు బుర్ర గోక్కోవాలి. కాంపొజిషన్ వాళ్ళకి ఇదంతా లేదు, వాళ్ళకి క్రెడిట్ రాదు కాబట్టి కట్టిన పన్ను సరుకు ధరలో కలిసిపోతుంది.

ఒకే మనిషి బాకీ రెండు చోట్ల

ఇక్కడ ఒడియా గుమాస్తా 'పాత్ర' అని తెరుస్తాడు, మనోడు 'పాత్రో' అని తెరుస్తాడు. సాహు అయితే మరీను, ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరిష్టం వాళ్ళది. బిల్లులు ఒకదాంట్లో, డబ్బులు రెండోదాంట్లో, షావుకారు బాకీ తీర్చేసిన మనిషికి ఫోన్ చేసి మాటపడతాడు. రెండో లెడ్జర్ బ్యాలెన్సు జర్నల్ ఎంట్రీ వేసి మొదటిదానికి తెచ్చెయ్యండి, బిల్లువారీ (ఒక్కో బిల్లుకి బాకీ విడిగా) లెక్క పెట్టుకుని ఉంటే ఏ బిల్లుకి ఏ డబ్బో కూడా అక్కడే చూపించాలి. రెండోది డిలీట్ అవ్వదు, లోపల ఎంట్రీలున్నాయి కదా, పేరు ముందు 'వాడొద్దు' అని తగిలించండి. మొదటిదాంట్లో ఎలియాస్ గడి ఉంటుంది, రెండో స్పెల్లింగు అక్కడ రాసేస్తే ఎవరు ఎలాగ కొట్టినా అదే లెడ్జర్ వస్తుంది.

డిఫరెన్స్ ఇన్ ఓపెనింగ్ బ్యాలెన్సెస్

ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని లెడ్జర్ల డెబిట్, క్రెడిట్ మొత్తాల పట్టీ) అడుగున ఈ లైను కనపడితే మొదట్లో ఎక్కించిన బ్యాలెన్సుల్లో డెబిట్, క్రెడిట్ సరిపోలేదన్నమాట, దాన్ని సస్పెన్స్ అకౌంట్లోకి (తేలని తేడాలు పడేసే పద్దు) తోసెయ్యకండి. తేడా 84,000 ఉందనుకోండి, సగం 42,000 బ్యాలెన్సు ఎవరికుందో వెతకండి, డెబిట్ బదులు క్రెడిట్ కొట్టేసుంటారు. తేడా 9తో నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారయ్యాయేమో చూడండి, 5,400 బదులు 4,500 లాగ.

క్యాషు మైనస్‌లో

పెట్టెలో లేని డబ్బు ఎలా ఖర్చవుతుంది? యజమాని సొంత డబ్బు తెచ్చి పెట్టుంటాడు, రాయలేదు. క్యాపిటల్ కింద పెట్టిందానికో లెడ్జర్, ఇంటికి తీసుకుపోయినదానికి డ్రాయింగ్స్ లెడ్జర్.

గ్రాస్ ప్రాఫిట్ మరీ ఎక్కువ

సరుకు తెచ్చిన లారీ కిరాయి, హమాలీ కూలి ఇన్‌డైరెక్ట్ కింద ఉంటాయి, ఇన్‌డైరెక్ట్ ఖర్చులు గ్రాస్ ప్రాఫిట్ తీశాకే తగ్గుతాయి కాబట్టి అది ఎక్కువ కనపడుతుంది, డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్ కిందకి మారిస్తే ఎంట్రీలన్నీ వాటంతటవే వెనకాలే వచ్చేస్తాయి. ఎంట్రీ ముట్టుకోనక్కర్లేదు. కానీ ఒకే కంపెనీలో పాత సంవత్సరాలు కూడా ఉంటే ఆ రిపోర్టులు కూడా మారిపోతాయి, ఆడిటర్ సంతకం పెట్టేసిన ట్రేడింగ్ అకౌంటు ఇక టాలీలో కనపడదు. బ్యాంకు లోను కోసం ఇచ్చిన కాగితంతో సరిపోక ఒకాయన నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. అలాంటప్పుడు పాత లెడ్జర్ని అలాగే వదిలేసి, బ్యాకప్ తీసుకుని, ఏప్రిల్ 1 నుంచి డైరెక్ట్ కింద 'లారీ కిరాయి లోపలికి' అని కొత్తది తెరవండి.