పాత రికార్డుల కోసం మద్రాసు దాకా: దారి ఖర్చు, టోల్, పార్కింగు లెక్క

తాతల నాటి ఇనాం భూమి కాగితం కావాలన్నా, ఊరి చెరువు మీద వచ్చిన పాత జీవో కావాలన్నా, పీహెచ్‌డీకి రెవెన్యూ బోర్డు ఫైళ్లు చూడాలన్నా నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు ఒక చిక్కు ఉంది. కాగితం ఉన్న ఊరు, మనం ఉన్న ఊరు ఒకటి కావు. అందుకే బండి ఎక్కడ పెట్టాలి, ఎంత అడుగుతారు అనేవి రెండో ప్రశ్నలు. ముందు తేల్చుకోవాల్సింది ఏ ఊరికి పోవాలన్నది. పార్కింగులో పోయేది యాభయ్యో వందో. తప్పు ఊరికి పోతే ఒక రోజు, రెండు వైపుల చార్జీలు, ఒక సెలవు అన్నీ పోతాయి.

ముందు ఊరు తేల్చుకోండి

ఒంగోలునే తీసుకోండి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉంది. 1904 నుంచి 1970 దాకా గుంటూరు జిల్లా. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. అంటే ఒంగోలు పక్క పల్లెలో ఒకే సర్వే నంబరుకు 1890 నాటి కాగితం నెల్లూరు పేరు మీద, 1935 నాటిది గుంటూరు పేరు మీద, 1975 నాటిది ప్రకాశం పేరు మీద వెతకాలి. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు 1970కి ముందు కాగితాలు నెల్లూరు పేరున ఉంటాయి. మార్కాపురం, గిద్దలూరు వైపువి కర్నూలు పేరున ఉంటాయి. 2022లో గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లాయి కదా అని వాటి పాత రికార్డుకు నేరుగా తిరుపతి బస్సెక్కకండి. జిల్లా గీత మార్చినంత తేలిగ్గా పాత రిజిస్టర్లు కదలవు.

దీనిపైన రాజధాని లెక్క. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రభుత్వం కింద ఉంది. కాబట్టి అప్పటి రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్, మద్రాసు ప్రభుత్వ జీవోలు చూడాలంటే చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు (ప్రభుత్వ పాత రికార్డులు దాచే చోటు) పోవాలి. 1956 తర్వాతి సచివాలయ ఫైళ్లకు హైదరాబాదు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో అడగాలి. 2014లో రాష్ట్రం విడిపోయింది కాబట్టి, అక్కడికి టికెట్ తీసేముందు ఫైలు ఏ రాష్ట్రం వాటాలో ఉందో ఉత్తరం రాసి తెలుసుకోండి. ఇక ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నంబర్ల వారీ పాత భూమి రిజిస్టరు, ఊళ్లో డైగ్లాట్ అనేది అదే), ఇనాం ఫెయిర్ రిజిస్టరు, అడంగళ్ల వంటి ఊరి స్థాయి కాగితాలకు మొదటి మెట్టు తహసీల్దారు ఆఫీసు, రెండో మెట్టు కలెక్టరేట్ రికార్డు రూము. ఇవి వదిలేసి ముందే మద్రాసు పోవడం పొరపాటు.

ఇల్లు కదలకుండా తేలేవి కూడా ఉన్నాయి. 1983 నుంచి ఇటు రిజిస్ట్రేషన్లకు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) ఆన్‌లైన్‌లో వస్తుంది, అంతకు ముందుదానికే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు పోవాలి. ఇప్పటి అడంగల్, 1బి మీభూమి వెబ్‌సైటులో కనిపిస్తాయి. ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలా ఫైళ్లు ఉచితంగా చదవొచ్చు. ఢిల్లీ చార్జీ గురించి ఆలోచించేముందు అక్కడ ఒక గంట వెతకండి.

ఫైలు ఉందో లేదో తెలియనప్పుడు సమాచార హక్కు దరఖాస్తు అన్నిటికన్నా చవకైన ప్రయాణం. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి ₹5, ఆపైన ₹10. జవాబుకు 30 రోజుల గడువు. కాపీలు ఇవ్వండి అని మొదలుపెట్టకండి. "ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, ఇనాం ఫెయిర్ రిజిస్టరు మీ రికార్డు రూములో ఉన్నదా? లేకుంటే ఏ ఆఫీసుకు, ఏ తేదీన పంపారు?" అని రెండే ప్రశ్నలు వేయండి. "ఇక్కడ లేదు" అన్న జవాబు వచ్చినా మంచిదే. ఒక ప్రయాణం తప్పింది, పై ఆఫీసులో చూపించడానికి ఒక కాగితం చేతికొచ్చింది.

నెల్లూరు, ఒంగోలు కలెక్టరేట్లకు

సోమవారం పోకండి. ఆ రోజు ప్రజల అర్జీలు తీసుకుంటారు. మండలాల నుంచి వచ్చిన ఆటోలు, బైకులు గేటు బయటిదాకా నిలబడతాయి, సిబ్బందిలో సగం మంది అర్జీల దగ్గరే ఉంటారు. బండికి చోటు దొరకదు, రికార్డు రూములో మనిషీ దొరకడు. మంగళవారం నుంచి గురువారం లోపు, పదిన్నరకల్లా చేరితే పని నడుస్తుంది. రెండో శనివారం సెలవన్న సంగతి మరిచి బయల్దేరేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆఫీసు ఆవరణలో చోటు దొరక్క ట్రంకు రోడ్డు వారన బైకు వదిలితే ట్రాఫిక్ వాళ్ల ఫొటో, తర్వాత ఫోనుకు చలానా. అంతకంటే బస్టాండు దగ్గరి స్టాండులో పెట్టి నడవడమో ఆటో ఎక్కడమో మేలు. నెల్లూరులో ఒక మాట గుర్తుంచుకోండి. ఆత్మకూరు, ఉదయగిరి వైపు బస్సులు ఆత్మకూరు బస్టాండులో ఆగుతాయి. మెయిన్ బస్టాండు వేరే. బండి ఒక చోట పెట్టి, దిగేది ఇంకో చోటైతే మధ్యలో మళ్లీ ఆటో చార్జీ పడుతుంది.

ఆడవాళ్లు ఈ పని మీద వెళ్తుంటే దారి ఖర్చు దాదాపు ఉండదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల చార్జీ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. సూపర్ లగ్జరీకి, రాష్ట్రం దాటే బస్సులకు ఇది వర్తించదు. చెన్నై బస్సెక్కి సరిహద్దులోని తడ దాకా ఉచితం అని వాదిస్తే కండక్టరు ఒప్పుకోడు, అతని తప్పూ లేదు.

చెన్నై: కారా, రైలా?

ఇక్కడే డబ్బు కారిపోయేది, కాబట్టి లెక్క విడమరిచి చూద్దాం.

నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు. రానూపోనూ 350, ఊళ్లో తిరగడానికి ఇంకో 20. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 23 లీటర్లు కావాలి. లీటరు ₹110 వేసుకుంటే ₹2,530. పెట్రోలు మన వైపు కంటే తమిళనాడులో చవక కాబట్టి, వెళ్లేటప్పుడు తడ దాటడానికి సరిపడా పోయించుకుని, ఆరంబాక్కం దాటాక ట్యాంకు నింపుకోండి. తిరుగు దారిలో సరిహద్దుకు ముందు మళ్లీ నింపితే ఇంకా లాభం.

దీనిపైన టోల్. నెల్లూరు దాటగానే వెంకటాచలం, తర్వాత బూదనం, సూళ్లూరుపేట, తమిళనాడులో నల్లూరు: నాలుగు గేట్లు. ఒంగోలు నుంచి వస్తే టంగుటూరు, కావలి దగ్గర ముసునూరు కూడా కలిసి ఆరు. రేట్లు ప్రతి ఏప్రిల్ 1న మారుతాయి కాబట్టి పోయిన ఏడాది చీటీ చూసి లెక్క వేయకండి.

తిరుగు రాయితీ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 24 గంటల లోపు అదే గేటు దాటి వెనక్కొస్తే రెండు వైపులా కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుంది. అంటే వెళ్లేటప్పుడు ₹100 అయితే వచ్చేటప్పుడు ₹50. ఫాస్టాగ్‌లో అదే తగ్గుతుంది, అడగనక్కర్లేదు. కానీ గడియారం నడిచేది గేటు గేటుకూ విడిగా. మంగళవారం ఉదయం 5.30కి వెంకటాచలం దాటి, బుధవారం సాయంత్రం ఆర్కైవ్స్ మూసేశాక బయల్దేరితే ఏ గేటు దగ్గరా 24 గంటలు మిగలవు, అన్నిచోట్లా పూర్తి రుసుమే. ఆర్కైవ్స్ పని ఒక్క రోజులో అయ్యేది కాదు కాబట్టి కారులో వెళ్లేవాళ్లు ఈ రాయితీని మొదటే కొట్టేసి లెక్క వేసుకోవాలి.

ఫాస్టాగ్ లేకపోయినా, బ్యాలెన్సు లేక పనిచేయకపోయినా రుసుము ఎక్కువ పడుతుంది. 2025 నవంబరు 15న వచ్చిన నిబంధనలో నగదుకు రెట్టింపు, యూపీఐలో కడితే ఒకటింబావు రెట్లు. వార్షిక పాస్ 2025 ఆగస్టులో మొదలైనప్పుడు ₹3,000, సొంత కార్లకే, 200 దాటింపులు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఆ లెక్కన ఒక్కో గేటు ₹15 పడినట్టు. నెల్లూరు నుంచి చెన్నైకి ఒక విడత రానూపోనూ 8 దాటింపులు. ఏడాదిలో ఒకటి రెండుసార్లు పోయేవాళ్లకు ఇది దండగ. జాతీయ రహదారి మీద ఎప్పుడూ తిరిగేవాళ్లకు లాభం.

పెట్రోలు, టోల్ కలిపితే కారు ఖర్చు మూడు వేలు దాటుతుంది. రైలు సెకండ్ సిట్టింగ్‌లో ఒక మనిషి రానూపోనూ చార్జీ ఇందులో పదో వంతు కూడా కాదు. నలుగురు కలిసి పోయినా రైలే చవక. నడవలేని పెద్దవాళ్లు వెంట ఉంటే తప్ప ఈ పనికి కారు తీయొద్దనే మా మాట.

రైలు ఎంచుకోవడంలో మెలకువ ఉంది. పినాకిని మన వైపు వాళ్లకు అలవాటైన బండే, కానీ అది చెన్నై చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అవుతుంది. తిరుగు పినాకిని ఇంకో గంటకే బయల్దేరుతుంది. ఆ బండి నమ్ముకుంటే సగం రోజు దండగ. రాత్రి నెల్లూరు మీదుగా వెళ్లి తెల్లారేసరికి చెన్నై చేరే బండ్లు చూసుకోండి. సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎగ్మోర్‌లోనే ఆగుతుంది, ఆర్కైవ్స్ ఉన్న గాంధీ ఇర్విన్ రోడ్డు స్టేషను ముందుదే కాబట్టి ఆటోతో పనిలేదు. సెంట్రల్‌లో దిగితే మెట్రోలో ఎగ్మోర్ పక్క స్టేషనే. ఆటోతో బేరం కుదిరేలోపు మెట్రో చేర్చేస్తుంది. తప్పనిసరై ఆటో ఎక్కితే "ఎగ్మోర్ ఆవణక్ కాప్పగం" అనండి, ఆర్కైవ్స్ అంటే అర్థం కాని డ్రైవర్లు ఉంటారు.

బస్సులో పోతే ఆంధ్రా బస్సులు మాధవరంలో దించుతాయి. అక్కడి నుంచి ఎగ్మోర్‌కు సిటీ బస్సు పట్టుకోకుండా ఆటో ఎక్కితే బస్సులో మిగిల్చింది అక్కడే పోతుంది.

ఎన్ని రోజులు, ఏ రోజులు

కనీసం రెండు పనిదినాలు పెట్టుకోండి. మొదటి రోజు గుర్తింపు కార్డు, విద్యార్థులైతే గైడు లేదా కాలేజీ ఉత్తరంతో దరఖాస్తు, ఆపైన ఇండెక్సు పుస్తకాల్లో వెతుకులాట. జీవో నంబరు, తేదీ దొరికాకే ఫైలుకు చీటీ రాయగలరు. ఫైలు పైకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటొచ్చు. నంబర్లు ఇంటి దగ్గరే రాసుకుని వెళ్లిన మనిషికి, ఊరి పేరు మాత్రమే తెలిసిన మనిషికి ఒక రోజు లాడ్జి అద్దె తేడా. లాడ్జీలు స్టేషను దగ్గరి కెన్నెట్ లేన్‌లో వరసగా ఉంటాయి, నడిచే దూరం.

సెలవులు తమిళనాడువి చూసుకోండి. జనవరిలో పొంగల్, తిరువళ్లువర్ దినం, ఉళవర్ తిరునాళ్ వరసగా వస్తాయి. మనకు ఉగాది సెలవు కదా, ఆ రోజు అక్కడ పని చూసుకుందాం అనుకుంటే కుదరదు. తెలుగు సంవత్సరాదికి అక్కడా సెలవే!

తార్నాకకైతే సింహపురి ఎక్స్‌ప్రెస్ రాత్రి బండి. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే మెట్టుగూడ తర్వాత తార్నాక. అంత దూరం కారు ఆలోచనే వద్దు.

స్టేషనులో బండి వదిలేటప్పుడు

బైకు నెల్లూరు లేదా ఒంగోలు స్టేషను స్టాండులో వదిలి రైలెక్కడమే మామూలు పద్ధతి. ఇక్కడ రేటు గంటల శ్లాబుల మీద నడుస్తుంది. టోకెన్ మీద పడిన టైము నుంచి లెక్క, తేదీ నుంచి కాదు. సోమవారం రాత్రి 9కి పెట్టి మంగళవారం రాత్రి 10కి తీస్తే అది 25 గంటలు, రెండో రోజు శ్లాబు మొదలైపోయింది. బండి తీసేది 24 గంటల గడువు దాటిన గంటకు అయ్యేట్టుంటే, పెట్టేటప్పుడే స్టాండులోకి పోవడం గంటకు పైగా ఆలస్యం చేస్తే డబ్బు మిగులుతుంది. రెండు మూడు రాత్రులైతే ఇంట్లో ఎవరైనా దించిపోవడం మేలు.

లోపలికి పోయేముందు గేటు దగ్గరి రేట్ల బోర్డుకు, టోకెన్‌కు ఫోనులో ఫొటో తీయండి. బోర్డు మీద లేని మొత్తం అడిగితే ఆ ఫొటోయే మాట్లాడుతుంది. హెల్మెట్‌కు విడిగా తీసుకుంటారేమో ముందే అడగండి. టోకెన్ పోతే ఆర్‌సీ, ఆధార్ చూపించమంటారు, పైన జరిమానా వేస్తారు. ఆర్‌సీ బండి డిక్కీలో పెట్టి తాళం వేసి వెళ్లినవాడి పరిస్థితి ఊహించుకోండి.

ఆఫీసుకో యూనివర్సిటీకో ఈ ఖర్చుల బిల్లు (టీఏ, కంటింజెన్సీ) పెట్టుకునేవాళ్లకు ఇంకొకటి. స్టాండులో బండి తీసేటప్పుడు టోకెన్ వెనక్కి తీసుకుంటారు, కాబట్టి రసీదు విడిగా అడిగి తీసుకోకపోతే మీ చేతిలో ఏమీ మిగలదు. టోల్‌కు ఫాస్టాగ్ బ్యాంకు స్టేట్‌మెంట్ సరిపోతుంది. బస్సు టికెట్, స్టాండు రసీదు థర్మల్ కాగితం మీద వస్తాయి. జేబులో చెమటకు, బండి డాష్‌బోర్డు మీద ఎండకు నెల తిరక్కుండా తెల్లబడతాయి. అందిన రోజే జిరాక్సు తీసి, ఒరిజినల్‌తో కలిపి పిన్ను కొట్టండి.