గేమ్స్ ఆడకుండానే ఆన్‌లైన్‌లో టీమ్‌వర్క్ నేర్చుకోవాలంటే

నలుగురితో ఆన్‌లైన్‌లో కలిసి పనిచేయడం రావాలంటే గేమ్సే ఆడక్కర్లేదండీ, పాత పుస్తకాల్ని అందరూ కలిసి టెక్స్ట్‌గా మార్చే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీ తెలుగు వికీసోర్స్ ఉంది, అందులో అకౌంట్ తెరవండి చాలు. అక్కడ పాత పుస్తకాల స్కాన్ పక్కనే టెక్స్ట్ ఉంటుంది, రెండూ పోల్చి తప్పులు దిద్ది, కింద పసుపు గుర్తు ఎంచుకుని సేవ్ చేస్తే పేజీ స్థితి చూపే రంగు ఎరుపు నుంచి పసుపుకి మారుతుంది, ఆకుపచ్చ అవ్వాలంటే మాత్రం ఇంకొకరు చూడాల్సిందే, మన పని మనమే ఓకే చేసుకోడానికి కుదరదు, నాకు బాగా నచ్చింది ఇదే. సేవ్ చేసేటప్పుడు ఏం మార్చారో సారాంశం పెట్టెలో ఒక ముక్క రాయండి. ఎవరైనా మీ మార్పు తీసేస్తే వెంటనే తిరిగి పెట్టేయకండి, చర్చ పేజీలో అడగండి, చివర నాలుగు టిల్డేలు (~~~~) కొడితే మీ సంతకం పడుతుంది. ముందు పేజీలో జరిగిన మార్పులన్నీ చూపే చరిత్ర ట్యాబ్ తెరిచి పాతవాళ్లు ఎలా దిద్దారో చూడండి, రోజుకి ఒక్క పేజీ చాలు.