సకినాలు పన్నెండో రోజుకే ఎందుకు వాసనొచ్చాయి: వంటనూనె సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పోయిన సంక్రాంతికి అమ్మ చేసిన సకినాలు హనుమకొండ నుంచి జగిత్యాలలో ఉన్న చెల్లె అత్తగారింటికి పంపాం. పన్నెండో రోజు చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, డబ్బా మూత తీస్తే పాత నూనె వాసనొస్తోంది. అత్తమ్మ ముందట ఎట్ల పెట్టాలె?" బియ్యప్పిండి ఆ రోజు పట్టించిందే, నువ్వులూ కొత్తవే. తేడా వచ్చింది కడాయిలోని నూనెతో. అంతకు ముందు గారెలు వేయించగా మిగిలిన నూనెలో నేనే కొత్త సన్‌ఫ్లవర్ నూనె కలిపి అమ్మకిచ్చాను. నేను రసాయనశాస్త్రం చెప్పేవాణ్ని. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

సమస్య: వేయించిన పిండివంటలు పది పదిహేను రోజులకే ముక్కిన వాసన

కారణం నూనె అణువులోనే ఉంది. సన్‌ఫ్లవర్ నూనెలో ఎక్కువ భాగం లినోలిక్ ఆమ్లం. అది 18 కార్బన్ల గొలుసు. 9వ కార్బన్ దగ్గర ఒక ద్విబంధం (రెండు కార్బన్ల మధ్య జంట బంధం), 12వ దాని దగ్గర ఇంకొకటి ఉంటాయి. ఒకటికి మించి ద్విబంధాలు ఉన్నాయి కాబట్టే దీన్ని బహుళ అసంతృప్త కొవ్వు ఆమ్లం అంటాం. ఆ రెండింటి నడుమ చిక్కుకున్న 11వ కార్బన్‌ను గుర్తుపెట్టుకోండి. దాని హైడ్రోజన్‌ల పట్టు చాలా బలహీనం. ఒక హైడ్రోజన్ ఊడిపోయిందంటే, ఆ అణువుకు గాలిలోని ఆక్సిజన్ వచ్చి చేరుతుంది. అలా ఆక్సిజన్ చేరిన అణువు పక్క అణువు నుంచి హైడ్రోజన్ లాక్కుని తాను హైడ్రోపెరాక్సైడ్‌గా మారుతుంది. హైడ్రోజన్ పోగొట్టుకున్న అణువు మళ్లీ ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఇక ఆ వరుస ఆగదు.

హైడ్రోపెరాక్సైడ్‌కు వాసన లేదు. మనం మోసపోయేది ఇక్కడే. అది విరిగి హెక్సనాల్ లాంటి చిన్న అణువులు పుట్టినప్పుడే ముక్కుకు తెలుస్తుంది. అందుకే నిన్నటిదాకా బాగున్న సకినం ఈ రోజు ఉన్నట్టుండి చెడిపోయినట్టు అనిపిస్తుంది. లోపల పని ఎప్పుడో మొదలైంది.

వాడిన నూనెలో ఈ పెరాక్సైడ్‌లూ, అవి విరిగిన ముక్కలూ ముందే ఉంటాయి. దాని మీద కొత్త నూనె పోయడమంటే గోరువెచ్చని పాలలో తోడు వేయడమే. కొత్త నూనె తనంతట తాను చెడడానికి పట్టే సమయం బాగా తగ్గిపోతుంది. మా ఇంట్లో జరిగింది ఇదే.

ఏం చేయాలి? నిల్వ ఉంచే వంటలకు కొత్త నూనెతోనే మొదలుపెట్టండి. మధ్యలో తగ్గితే కొత్తదే పోయండి. పల్లి నూనె అయితే ఇంకా మేలు. సన్‌ఫ్లవర్ నూనెలో లినోలిక్ ఆమ్లం సాధారణంగా 48 నుంచి 74 శాతం దాకా ఉంటే, పల్లి నూనెలో 12 నుంచి 43 శాతమే. పల్లి నూనెలో ఎక్కువగా ఉండే ఒలీక్ ఆమ్లానికి ఒకటే ద్విబంధం. లినోలిక్ ఆమ్లం దానికన్నా పది రెట్లకు పైగా వేగంగా ఆక్సిజన్‌తో కలుస్తుంది. నువ్వుల నూనెలో లినోలిక్ 40 శాతానికి అటూ ఇటూగా ఉన్నా అది గట్టిగా నిలబడుతుంది. నువ్వుల్లోని సిసమోలిన్ వేడికి సిసమోల్‌గా మారి ఆ వరుసను మధ్యలో తెంపుతుంది.

అలాగని సన్‌ఫ్లవర్ నూనెను వెలివేయకండి. లినోలిక్ ఆమ్లాన్ని మన ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు ఎలుకల మీద చేసిన పనితో 1929లోనే కొన్ని కొవ్వు ఆమ్లాలు తప్పనిసరి అని తేల్చారు. కూరలకు, పోపులకు ఆ నూనె వాడుకోండి. నెల రోజులు డబ్బాలో కూర్చునే వంటకు వద్దు.

వేయించినవి పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. ఒకే పెద్ద డబ్బాలో సగం గాలి ఉంచే బదులు చిన్న డబ్బాల్లో నిండుగా సర్దండి. స్టీలు మంచిది. కళాయి పోయిన ఇత్తడి డబ్బా వద్దు, ఇత్తడిలోని రాగి పెరాక్సైడ్‌లను చకచకా విరగ్గొడుతుంది. ఇప్పటికే వాసనొచ్చిన వాటిని ఎండలో పెట్టడం, మళ్లీ నూనెలో వేయడం కొందరికి అలవాటు. వాసన కాసేపు ఎగిరిపోతుంది, చెడు మాత్రం పెరుగుతుంది. అవి పారేయాల్సినవే.

సమస్య: మూత తీయని గానుగ నూనె కూడా వాసన

కొట్టు బయట ఎండలో వేలాడిన సీసాను అనుమానించండి. శుద్ధి చేయని నూనెలో కొంచెం పత్రహరితం మిగిలి ఉంటుంది. వెలుతురు తగలగానే అది ఆక్సిజన్‌ను మరో రూపంలోకి, సింగ్లెట్ ఆక్సిజన్‌గా మారుస్తుంది. ఆ రూపానికి హైడ్రోజన్ ఊడిపోయేదాకా ఆగే పని లేదు, నేరుగా ద్విబంధం మీదే పడుతుంది. లినోలిక్ ఆమ్లంతో దాని వేగం మామూలు ఆక్సిజన్ కన్నా వెయ్యి రెట్లకు పైనే. నూనె ఎప్పుడు ఆడించారో అడిగి, నెలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి. చీకటి అలమరలో, పొయ్యికి దూరంగా పెట్టండి. మే నెలలో మన వంటిళ్లు ఎంత కాగుతాయో తెలిసిందే. పది డిగ్రీల వేడి పెరిగితే నూనె మామూలు ఆక్సిజన్‌తో కలిసే వేగం సుమారు రెట్టింపవుతుంది.

సమస్య: అవిసె గింజల పొడి చేదు

అవిసె నూనెలో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. దానికి మూడు ద్విబంధాలు, అంటే నడుమ చిక్కుకున్న కార్బన్లు రెండు. గింజ పొట్టు పగలనంతకాలం గాలి చేరదు. పొడి కొట్టగానే చేరుతుంది. వారానికి సరిపడా కొట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, అంతే.

సమస్య: నూనె నురగ కడుతోంది, కడాయి అంచున బంకలా గోధుమరంగు పొర

పిండిలోని తడికి వచ్చే నురగ కాసేపట్లో అణుగుతుంది. అణగని నురగ వేరు. పలుమార్లు కాగిన నూనెలో అసంతృప్త గొలుసులు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద అణువులవుతాయి. నూనె చిక్కబడుతుంది, రంగు ముదురుతుంది, తక్కువ వేడికే పొగ వస్తుంది. ధ్రువ పదార్థాలు (నూనె కాగి చెడినప్పుడు పుట్టేవి) 25 శాతం దాటిన నూనెను వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం, 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఇంట్లో కొలవలేం కాబట్టి అణగని నురగ కనబడిన రోజే ఆ నూనెను వదిలేయండి. మోరీలో మాత్రం పోయకండి.

కడాయి అంచున ఉన్నది నూనె కాదు, నూనె నుంచి పుట్టిన ప్లాస్టిక్ లాంటి వల. అందుకే సబ్బుకు లొంగదు. వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్లు పోసి గంటసేపు ఉంచితే క్షారం ఆ వలను కోస్తుంది. అల్యూమినియం గిన్నెకు ఈ పని చేయకండి, లోహం కరిగిపోతుంది. కొత్త ఇనుప పెనానికి పలుచగా నూనె రాసి కాల్చి నలుపు పట్టించడంలోనూ జరిగేది ఇదే చర్య. అక్కడ అది మనకు కావాలి.

సమస్య: తలుపులకు అవిసె నూనె రాసిన గుడ్డ వెచ్చబడింది

ఇది వంటింటిది కాదు, కానీ ప్రమాదం పెద్దది. అవిసె నూనె ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడడమే. అప్పుడు వేడి పుడుతుంది. గుడ్డను ఉండ చుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోదు. వేడితో చర్య ఇంకా పెరిగి, అగ్గిపుల్ల లేకుండానే గుడ్డ అంటుకుంటుంది. వడ్రంగి పని ముగిశాక గుడ్డలను విడివిడిగా ఆరుబయట పరిచి ఆరబెట్టండి. లేదా నీళ్లు నింపిన డబ్బాలో ముంచి పెట్టండి.

సమస్య: చలికాలం పల్లి నూనె మసకబారింది, కల్తీ ఏమో?

ఆదిలాబాద్‌లో ఉన్న మా పెద్దమ్మ ఏటా ఈ మాటే అడుగుతుంది. అక్కడ డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి పది డిగ్రీల కిందికి దిగుతుంది. ద్విబంధం ఉన్నచోట గొలుసు వంగుతుంది. వంగిన గొలుసులు ఒకదానిపై ఒకటి సర్దుకుని సులువుగా గడ్డకట్టలేవు. అందుకే ద్విబంధమే లేని స్టియరిక్ ఆమ్లం 69 డిగ్రీల దగ్గర కరిగితే, ఒక ద్విబంధం ఉన్న ఒలీక్ 13 దగ్గర, రెండున్న లినోలిక్ సున్నాకు 5 డిగ్రీల దిగువన కరుగుతాయి. పల్లి నూనెలో 20, 22, 24 కార్బన్ల సంతృప్త (ద్విబంధం లేని) గొలుసులు కొంచెం ఉంటాయి. చలికి ముందు అవి పేరుకుని నూనె మసకబారుతుంది. అది కల్తీకి గుర్తు కాదు, మసకబారనంత మాత్రాన కల్తీ లేదనీ కాదు. సీసాను గోరువెచ్చని నీళ్లలో పావుగంట ఉంచితే నూనె మళ్లీ తేటపడుతుంది.